చౌడు నేల వట్టిపోయిన ఆవు కాదు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఏ ఊరికి పోయినా చౌడు జాగా ఒకటి చూపిస్తారు. చెరువు కట్ట దిగువన కొంత, శిఖం అంచున కొంత, ఒర్రె పక్కన కొంత ఉంటుంది. ఎండకాలంలో సున్నం చల్లినట్టు తెల్లగా పొర తేలుతుంది. వానకాలంలో అడుగు పెడితే మడమ దాకా దిగబడుతుంది. "అండ్ల ఏమున్నది, ఉత్త చౌడు" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆ ఒక్క మాట వల్లనే మన ఊళ్లకు ఎంతో నష్టం జరుగుతున్నది.

రికార్డుల్లోనూ ఇదే తీరు. దేశంలోని బంజరు భూముల లెక్క తీసి ప్రభుత్వం అచ్చు వేసిన పటాల్లో ఉప్పు, చౌడు తేలిన నేలను పనికిరాని భూముల పద్దులోనే చూపించారు. పనికిరానిదని ఒకసారి రాసిన తరువాత దాన్ని ఎవరేం చేసినా అడిగే దిక్కుండదు. మొరం తవ్వుకోవచ్చు, ఇటుక బట్టీ పెట్టుకోవచ్చు, ఊరి చెత్త పోసుకోవచ్చు, బలమున్నవాడు హద్దురాళ్లు జరుపుకోవచ్చు.

నేను చెప్పదలచింది ఒక్కటే. మన దగ్గర చౌడు రెండు రకాలు. పుట్టుకతో చౌడైన నేల ఒకటి, మన నీటి వాడకంతో చౌడుగా మారిన నేల ఇంకొకటి. రెండోది జబ్బు. దానికి వైద్యం చేయాలి. మొదటిది ఆ నేల స్వభావం. దాన్ని ఊరి మేతకు, నీటికి, పిట్టలకు ఉమ్మడిగా వదిలిపెట్టాలి. మనం చేస్తున్నది సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంది. చెడిపోయిన మడిని పట్టించుకోవడం లేదు, వదిలిపెట్టాల్సిన జాగాను జేసీబీలు పెట్టి చదును చేస్తున్నాం.

ఉప్పు ఎక్కడి నుంచి వచ్చింది?

మనది రాతి నేల. గ్రానైటు గుట్టలు వేల ఏండ్లుగా ఎండకు, వానకు అరిగి మట్టి అవుతూ వచ్చాయి. ఆ రాయిలో ఉన్న సోడియం వంటి లవణాలు నీళ్లలో కరుగుతాయి. మీదనున్న ఎర్ర చెల్కల నుంచి వాన నీటితో పాటు దిగి పల్లపు జాగాకు చేరుతాయి. అక్కడ నీరు ఎండకు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. అందుకే ఊరి మిట్టన చౌడు కనిపించదు. చెరువు కింద, వాగు ఒడ్డున, నీరు నిలిచి ఆరే జాగాల్లోనే కనిపిస్తుంది.

ఇందులోనూ తేడాలున్నాయి. మీద తెల్లగా ఉప్పు తేలేది పాల చౌడు. దీనిలో కరిగే లవణాలు ఎక్కువ. మట్టి పరీక్షలో లవణ సూచిక 4 దాటితే పాల చౌడు కింద లెక్క. తడిసినప్పుడు జిగటగా మారి, ఎండితే పెచ్చులు కట్టి, నీరు కిందికి ఇంకకుండా మీదనే నల్లగా నిలిచేది కారు చౌడు. దీనిలో ఉదజని సూచిక 8.5 దాటుతుంది, మట్టి రేణువులు పట్టుకున్న సోడియం 15 శాతానికి మించుతుంది. రెండు గుణాలూ కలిసిన నేలలు కూడా ఉన్నాయి. దేశం మొత్తం మీద ఇట్లా ఉప్పు బారిన నేల 67 లక్షల హెక్టార్ల పైచిలుకు ఉన్నట్టు కేంద్ర సంస్థల లెక్క. దీని మీద పరిశోధన కోసమే 1969లో హర్యానాలోని కర్నాల్‌లో ఒక కేంద్ర సంస్థను పెట్టారు.

వెనుకటి వాళ్లకు ఈ పరీక్షలు తెలియవు గాని నేల గుణం తెలుసు. బట్టల సబ్బు, సోడా రాని కాలంలో రజకులు చౌడు మన్ను తెచ్చి దానితోనే బట్టలు ఉతికేవారు. మట్టి నుంచి ఉప్పు తీసే పని చేసినందునే ఒక కులానికి ఉప్పరి అనే పేరు వచ్చింది. ఆ కులం వాళ్లే మన చెరువు కట్టలు పోసిన మట్టి పనివారు. చౌడులో వడ్లు పండించాలని వెనుకటి వాళ్లు పంతం పట్టలేదు. దాని నుంచి వచ్చేది తీసుకున్నారు, మిగతాది పశువులకు వదిలారు.

ఆ నేల మీద ఎవరు బతుకుతున్నారు?

చౌడు మీద ఏమీ ఉండదనుకోవడం చూడక చెప్పే మాట. తొలకరి పడిన పది రోజులకు అంచుల వెంట గరిక లేస్తుంది. తుంగ లేస్తుంది. గరిక ఉప్పును బాగా ఓర్చుకుంటుంది. వానకాలంలో మడులన్నీ నాట్లతో నిండి పశువుకు కాలు పెట్టే జాగా దొరకనప్పుడు ఊరి బర్రెలకు, గొర్లకు దిక్కు ఈ బీడే. శీతాకాలం దాటి చెరువు నీరు వెనక్కి తగ్గుతుంటే శిఖంలో పచ్చి గడ్డి తేలుతుంది. చెల్కలో పరిగడ్డి కూడా కరువైన ఎండకాలంలో మేకలకు, గొర్లకు అదే ఆధారం. గొల్ల కురుమలను అడిగితే ఈ సంగతి ఎవరికన్నా బాగా చెబుతారు.

ఇక పిట్టల సంగతి. తీతువు పిట్ట గూడు కట్టదు. గుండ్రాళ్లున్న చౌటి నేల మీద, శిఖం గడ్డ మీద నాలుగు గుడ్లు పెడుతుంది. అవి మట్టి రంగులో ఉంటాయి. పక్కన నిలబడ్డా కానరావు. ఎండలు ముదిరితే తల్లి పిట్ట నీళ్లలోకి పోయి పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది, చల్లబరచడానికి. మన వాళ్లు తీతువు కూస్తే కీడు అని రాయి అందుకుంటారు. నిజానికి అది రాత్రి పూట కూసేది ఏదో జంతువో మనిషో దగ్గరికి వచ్చినప్పుడు, తన గుడ్లను కాపాడుకోవడానికి. అది తినేది పురుగులు, చెదలు, చీమలు. చేనుకు దాని వల్ల లాభమే గాని గింజంత నష్టం లేదు.

శిఖంలో మోకాలి లోతు కన్నా తక్కువ నీరుండే అంచు చాలా విలువైనది. ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కొంగలు, గుడ్డి కొంగలు మేత వెతుక్కునేది అక్కడే. లోతు నీళ్లలో నీటికాకి, బుడుబుంగ మునిగి చేపను పట్టగలవు, కొంగ పట్టలేదు. బురద తేలిన చోట ఉల్లంకి పిట్టలు చిన్న పురుగులను ఏరుకుంటాయి. చెరువు చుట్టూ నిలువు గోడలా తవ్వితే ఈ అంచు మొత్తం మాయమవుతుంది. అప్పుడు చెరువు నిండుగా కనిపిస్తుంది, పిట్ట మాత్రం వాలదు.

చలికాలం చుట్టాలు

మన బీళ్లకు, చెరువులకు చలికాలంలో దూరపు చుట్టాలు వస్తాయి. దక్కను గడ్డి బీళ్ల మీద, చెరువు తుంగ మీద తక్కువ ఎత్తులో రెక్కలు చాచి తేలుతూ పోయే పిల్లిగద్దలను చాలామంది చూసే ఉంటారు. వీటిలో కొన్ని జాతులు పిల్లలను పెంచేది మధ్య ఆసియాలో, కజకస్తాన్ మైదానాల్లో. అక్కడ వందల మైళ్ల పొడవున చెట్టు లేని గడ్డి నేల, మధ్య మధ్య ఉప్పు చెరువులు, వాటి చుట్టూ మన చౌడు వంటి తెల్లటి నేల ఉంటుంది. ఆ దేశంలోని తెంగిజ్ ఉప్పు సరస్సు, దాని పక్కనున్న కొర్గల్జిన్ చెరువులు ఎంత గొప్పవంటే 2008లో వాటిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు. మన పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోల జాతి పిట్టలు ప్రపంచంలో అన్నిటికన్నా ఉత్తరాన గూళ్లు పెట్టే చోటు అదే.

అక్కడ మంచు పడగానే ఆ గద్దలు మన దిక్కుకు వస్తాయి. అక్కడి గడ్డి నేలను పోలిన జాగా ఇక్కడ వెతుక్కుంటాయి. రాత్రి పూట గడ్డిలోనే, నేల మీదనే పడుకుంటాయి. పగలు మిడతలను, ఎలుకలను పట్టి తింటాయి. తల మీద రెండు నల్ల చారలున్న బూడిద రంగు బాతులు టిబెట్, మంగోలియా దిక్కు ఉప్పు సరస్సుల నుంచి హిమాలయాల మీదుగా ఎగిరి తెలంగాణ జలాశయాలకు చేరుతాయి. ఇవి నీటి ఒడ్డున గడ్డి మేస్తాయి. అంటే మన ఊరి చౌడు, శిఖం ఒంటరి ముక్కలు కావు. వేల మైళ్ల దూరంలోని ఇంకొక ఉప్పు నేలకు ఇది రెండో ఇల్లు. ఒక ఇల్లు చెడితే ఇంకొక ఇల్లు ఉండి లాభం లేదు.

మనకు దగ్గరలోనే శ్రీరాంసాగర్ ముంపు నేల ఉంది. ప్రాజెక్టు నీరు తగ్గినప్పుడు నిజామాబాద్ వైపు బయటపడే ఆ గడ్డి నేలలో కృష్ణజింకల మందలు మేస్తాయి. నీటి ఒడ్డున పిట్టలు గుంపులుగా దిగుతాయి. ఎవరూ విత్తని, ఎవరూ నీరు పెట్టని నేల అది. చూసినవాడు ఇంకెప్పుడూ బీడును ఉత్త బీడు అనడు.

మనం చేసిన చౌడు

ఇక రెండో రకం దగ్గరికి వద్దాం. పోచంపాడు ప్రాజెక్టుకు 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేశారు. తరువాత కాకతీయ కాలువ మన ప్రాంతం మీదుగా తవ్వారు. నీళ్లు వచ్చాయి, బతుకులు మారాయి. ఆ సంగతి కాదనేవారు లేరు. అయితే కాలువ వచ్చిన చోటల్లా ఇంకొకటి కూడా వచ్చింది. అదే జాలు. కాలువ గట్టు నుంచి, మీది మడుల నుంచి ఊరిన నీరు కింది మడుల్లో నిలిచింది. భూగర్భ నీటిమట్టం నేలకు రెండు మీటర్ల లోపుకు వస్తే చాలు, దీపం వత్తి నూనెను పీల్చినట్టు మట్టి ఆ నీటిని మీదికి పీలుస్తుంది. నీరు ఎండకు పోతుంది, ఉప్పు మీద మిగులుతుంది. ఐదారు ఏండ్లు ఇట్లా జరిగితే మంచి మడి కూడా చౌడు పడుతుంది.

సిరిసిల్ల దిక్కు వెనుకటి కష్టం వేరు. బోర్లు వట్టిపోయి, వందల అడుగులు తవ్వినా చుక్క రాని ఊళ్లవి. 2019లో మధ్యమానేరుకు నీళ్లు చేరడం, చెరువులు నింపడం, మంచి వానలు కురవడంతో నీటిమట్టం మీదికి వచ్చింది. ఇది సంతోషించాల్సిన మార్పు. కాని నీరు లేని నేలకు ఒక జాగ్రత్త కావాలి, నీరు వచ్చిన నేలకు ఇంకొక జాగ్రత్త కావాలి. కరువులో నేర్చుకున్న పొదుపును నీళ్లు రాగానే మరిచిపోతే పదేండ్లకు కింది మడులన్నీ తెల్లబడతాయి. జగిత్యాల, కోరుట్ల కాలువ కింది రైతులకు ఇది అనుభవమే. సిరిసిల్ల రైతులు వాళ్లను చూసి ముందే మేలుకోవచ్చు.

పంటల మార్పు దీనికి తోడైంది. కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు ఒకప్పుడు పసుపు, చెరుకు, మక్క పంటలకు పేరు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. చెరుకు వేసిన వాళ్లు వరికి మళ్లారు. చెల్కల్లో కూడా మడులు కట్టి యాసంగి వరి పెడుతున్నారు. మీది నేలలో నిలిపిన నీరు ఊరికే ఉండదు. కింది వాడి పొలంలో ఊటగా తేలుతుంది. మీది వాడు పండిస్తాడు, కింది వాడు నష్టపోతాడు. ఇది అన్నదమ్ముల మధ్య కూడా గొడవలు పెడుతున్నది.

ఈ జబ్బుకు మందు ఉంది. మొదట మట్టి పరీక్ష చేయించాలి. పాల చౌడయితే చిన్న మడులుగా కట్టి మంచి నీరు నిలిపి, ఉప్పు కరిగిన నీటిని మురుగు కాలువ ద్వారా బయటికి పంపాలి. కారు చౌడయితే పరీక్షలో చెప్పిన మోతాదు ప్రకారం జిప్సం వేయాలి. జిప్సంలోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియాన్ని విడిపిస్తుంది. విడిపోయిన సోడియాన్ని నీటితో కడిగి బయటికి పంపాలి. జీలుగ, జనుము వేసి పూతకు ముందు కలియదున్నాలి. చౌడులో జింకు లోపం ఎక్కువ కాబట్టి జింకు సల్ఫేటు మరువవద్దు. ముదురు నారు, కుదురుకు నాలుగైదు మొక్కలు నాటాలి. పొలాసలోని ప్రాంతీయ పరిశోధన స్థానం మనకు జగిత్యాల సన్నాలు వంటి వంగడాలు ఇచ్చింది. నేల సంగతి అడిగినా వాళ్లు చెబుతారు, మనం అడగాలి అంతే.

అయితే అన్నిటికన్నా ముఖ్యమైనది నీరు బయటికి పోయే దారి. ఒర్రె పూడిపోయి, మురుగు కాలువ దున్నేసి ఉంటే ఎన్ని బస్తాల జిప్సం పోసినా డబ్బులు మన్నులో పోసినట్టే. ఒక్క రైతు తన మడిలో చేసుకునే పని కాదిది. కాలువ కట్టిన ప్రభుత్వమే మురుగు కాలువలు కూడా తవ్వాలి, పూడికలు తీయాలి. నీళ్లిచ్చామని చెప్పుకునే వాళ్లు ఆ నీళ్లు బయటికి పోయే బాధ్యత కూడా తీసుకోవాలి.

వదిలేయాల్సిన చోట తవ్వుతున్నాం

చెడిపోయిన మడుల సంగతి ఇట్లా ఉంటే, ఏనాటి నుంచో బీడుగా ఉన్న జాగాల మీద మాత్రం అందరి కన్నూ పడింది. బంచరాయి, గైరాన్, శిఖం అని పహాణీల్లో రాసి ఉన్న నేలలు ఏటేటా తగ్గిపోతున్నాయి. భూముల ధరలు పెరిగాయి. ఎకరానికి ఇంత అని పంట సాయం వచ్చే కాలం వచ్చింది. బీడును ఎట్లాగైనా తన పేరున చేసుకొని, రెండు సాళ్లు దున్ని, సాగు నేల అని చూపించాలనే ఆశ పుట్టింది. పంట సాయం తప్పని నేను అనడం లేదు. ఆ సాయం ఊరి బీడును మింగడానికి దారి కాకూడదని అంటున్నాను.

2017 జూన్‌లో గొర్రెల పంపిణీ పథకం మొదలైంది. 75 శాతం సబ్సిడీ మీద ఒక్కో కుటుంబానికి 20 గొర్లు, ఒక పొట్టేలు ఇచ్చారు. గొర్లను లారీల్లో తెచ్చారు. అవి మేసే జాగాను ఎవరు తెస్తారు? గొర్లు పెరిగి బీడు తగ్గితే కాపరి పక్క ఊరి చేనులోకి తోలుతాడు, తగాదా పడతాడు, లేదంటే మందను అమ్ముకుంటాడు. మేత నేల గురించి ఒక్క మాట లేకుండా గొర్రెల పథకం పెట్టడం బావి తవ్వకుండా మోటారు కొన్నట్టు ఉంది.

2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేల పైచిలుకు చెరువులను బాగు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. పూడిక తీసి పొలాలకు తోలుకోవడం మన ముత్తాతల నాటి పద్ధతి. మంచి పని. కాని కొన్ని చోట్ల పూడిక పేరుతో మొరం దాకా తవ్వారు. అంచులు నిలువుగా కోశారు. ఎండకాలంలో పశువు నీళ్లకు దిగితే ఎక్కి రాలేని గుంతలు మిగిలాయి. అదే ఏడు మొదలైన హరితహారం మొక్కలు కూడా కొన్ని చోట్ల ఖాళీగా ఉన్నదని బీడు మధ్యలోనే నాటారు. చెట్టు మంచిదే. గడ్డి నేలలో నాటితే మాత్రం గడ్డి పోతుంది, నేల మీద గుడ్లు పెట్టే పిట్ట పోతుంది. చౌడులో మొక్క కూడా బతకదు. ఇంకో పక్క ఎవరూ నాటని సర్కారు తుమ్మ శిఖాలను కమ్ముకుంటున్నది. కొట్టాల్సింది దాన్ని.

రైతు బాధ కూడా వినాలి

"పిట్టలు, జింకలు అని మీరు రాస్తరు, మా మక్క పోయేది మాకు తెలుసు" అని రైతు అడిగితే అది న్యాయమైన మాటే. అడవి పందులు, కోతులు, నెమళ్లు పంటను నాశనం చేస్తున్నాయి. కృష్ణజింకల మంద చేనులో పడితే రాత్రికి రాత్రే పైరు పోతుంది. చలికాలంలో గుంపులుగా వచ్చే గులాబి రంగు గోరింకలు జొన్న కంకుల మీద పడతాయి. ఇవేవీ కట్టుకథలు కావు. పంట నష్టానికి పరిహారం ఆలస్యం లేకుండా ఇవ్వాలి. దరఖాస్తు పట్టుకొని రైతు పది సార్లు తిరిగే పద్ధతి పోవాలి.

కాని ఒక సంగతి ఆలోచించండి. బీడు ఉన్నప్పుడు జింక బీడులో మేస్తుంది. బీడు పోతే దానికి మన చేనే దిక్కు. ఆ గులాబి గోరింకలే తమ సొంత గడ్డి నేలల్లో మిడతలను తిని బతుకుతాయి. చైనాలోని షిన్జియాంగ్‌లో మిడతల బెడద తగ్గించుకోవడానికి వాటికి గూళ్లు కట్టించి మరీ పిలుచుకుంటున్నారు. ఏ పిట్ట అయినా మొత్తం శత్రువు కాదు, మొత్తం చుట్టమూ కాదు. దానికి ఉండే చోటు ఉంచితే మన చోటుకు వచ్చేది తగ్గుతుంది. గుళికల మందు కలిపిన గింజలు చల్లి పిట్టలను చంపడం మాత్రం పాపమే కాదు, ప్రమాదం కూడా. ఆ పిట్టను తిన్న కుక్క చస్తుంది, మనిషికీ ముప్పే.

భూమి లేని పేదకు ఆ బీడు ఇస్తే తప్పేమిటని ఇంకొందరు అడుగుతారు. పేదకు భూమి ఇవ్వాల్సిందే. మంచి భూమి ఇవ్వాలి. గింజ మొలవని చౌడు కాగితం మీద ఇచ్చి, జిప్సం అప్పు నెత్తిన పెట్టి, పేదవాడికి న్యాయం చేశామంటే ఎట్లా? అదీగాక ఆ బీడు మీద ఇప్పటికే బతుకుతున్నది పేదలే. రెండు మేకలున్న ముసలమ్మ, తుంగ కోసి అమ్ముకునే ఆడవాళ్లు, వల వేసుకునే ముదిరాజులు, గంగపుత్రులు. వాళ్ల పేరున పట్టా ఉండదు కాబట్టి లెక్కలో ఉండరు.

ఇతరుల అనుభవం

యూరపులో హంగరీ దేశంలో హోర్తోబాజ్ అనే పెద్ద చౌడు మైదానం ఉంది. 1950లలో అక్కడ కట్టలు పోసి, కాలువలు తవ్వి వరి పెట్టారు. చౌడును గెలుద్దామనుకున్నారు. చాలా చోట్ల అది నిలవలేదు, మడులను వదిలేశారు. 1973లో అదే నేలను ఆ దేశపు మొదటి జాతీయ పార్కుగా ప్రకటించారు. తరువాతి కాలంలో వెనుకటి వరి కట్టలను, కాలువలను తీసేసి నేలను మళ్లీ గడ్డికి వదిలారు. ఇప్పుడు అక్కడ ఊరి పశువులు, గొర్లు మేస్తాయి. శరదృతువులో లక్షకు పైగా క్రౌంచ పక్షులు దిగుతాయి. చూడ్డానికి దేశదేశాల వాళ్లు వస్తారు. కట్టడానికి ఒక ఖర్చు, విప్పడానికి ఇంకొక ఖర్చు పెట్టి వాళ్లు నేర్చుకున్న పాఠం మనం ఖర్చు లేకుండా నేర్చుకోవచ్చు.

మన దగ్గరి పాఠాలూ ఉన్నాయి. కర్నూలు దిక్కు రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. చుట్టూ ఉన్న గడ్డి బీళ్లు పొలాలుగా మారాయి. ఇవాళ అక్కడ బట్టమేక కనిపించడం గగనమైంది. కొల్లేరును చేపల చెరువులుగా కోసుకున్నారు. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2006లో ఆ గట్లను యంత్రాలు పెట్టి కొట్టాల్సి వచ్చింది. ముందే హద్దు పాటించి ఉంటే పెట్టుబడి పెట్టిన వాళ్లూ నష్టపోయేవారు కాదు.

మంచి మాట కూడా చెప్పుకోవాలి. అనంతపురం సీమలోని వీరాపురంలో ఊరి చెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. వాటిని సైబీరియా కొంగలంటారు గాని అవి మన దేశపు పిట్టలే. అవి వస్తే వానలు బాగా పడతాయని ఆ ఊరి నమ్మకం. ఎవరినీ రాయి విసరనీయరు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో కూడా ఊరివాళ్లు పూనుకొని పిట్టలను కాపాడారు. మొదటి అడుగు రెండు చోట్లా ఊరిదే. ఆ పని మన ఊళ్లకూ చేతకానిది కాదు.

ఏం చేయాలి?

మొదటి పని గ్రామసభలో జరగాలి. ఊరి శిఖం ఎంత, బంచరాయి ఎంత, గైరాన్ ఎంత అని పాత పహాణీ తీసి అందరి ముందు చదివించాలి. చెరువు నిండు మట్టానికి హద్దురాళ్లు పాతించాలి. ఊరి ఉమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించి గ్రామానికి అప్పగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో అన్ని రాష్ట్రాలకు చెప్పింది. చట్టం మన పక్షాన ఉంది. అడిగే గొంతు కావాలి.

రెండోది, చెరువు పనుల్లో అంచు వాలుగా ఉంచాలని షరతు పెట్టాలి. మొరానికి, ఇటుకలకు శిఖం మట్టి అమ్మడం ఆపాలి. పూడిక తీయాలి, పాతర తవ్వొద్దు. ఏడాది పొడవునా చెరువు నిండుగా ఉండాలనే ఆరాటం కూడా కొంత తగ్గించుకోవాలి. ఎండకాలంలో శిఖం కొంత ఆరితేనే గడ్డి మొలుస్తుంది, పశువు మేస్తుంది, ఎరువు పడుతుంది. మళ్లీ నీరు వచ్చినప్పుడు ఆ ఎరువే చేపకు బలం.

మూడోది, కాపరులతో మాట్లాడి బీడులో ఒక భాగాన్ని వంతుల వారీగా రెండు నెలలు మూయాలి. గడ్డి కోలుకుంటుంది. తీతువు గుడ్లు పెట్టే ఎండకాలంలో తుంగకు, గడ్డికి నిప్పు పెట్టకూడదు. సర్కారు తుమ్మను ఉపాధి హామీ కూలీలతో వేళ్లతో సహా తీయించాలి.

నాలుగోది, నిజంగా చౌడు పడిన పట్టా మడులకు మట్టి పరీక్ష, మురుగు కాలువ, జిప్సం మూడూ కలిపి ఒకే పనిగా చేపట్టాలి. విడివిడిగా చేస్తే ఏదీ నిలవదు. మీది చెల్కల్లో యాసంగికి ఆరుతడి పంటలు వేసే రైతుకు గిట్టుబాటు చూపించాలి. ధర లేకుండా మక్క వేయండి, పప్పులు వేయండి అని చెబితే ఎవరూ వినరు.

ఆవు పాలివ్వడం మానేస్తే వట్టిపోయిందంటాం. చౌడు నేల వట్టిపోలేదు. వడ్లు ఇవ్వదు, అంతే. గడ్డి ఇస్తుంది, చేపకు అంచు ఇస్తుంది, పిట్టకు గుడ్డు పెట్టే చోటు ఇస్తుంది. పల్లపు నేల కాబట్టి ఎక్కువ వాన పడ్డనాడు మన ఇళ్లలోకి రావాల్సిన నీటిని తాను ఉంచుకుంటుంది. వచ్చే గ్రామసభలో ఎవరైనా లేచి "అది ఉత్త చౌడు, ఏదో ఒకటి చేసుకుందాం" అన్నప్పుడు, దాని మీద ఎవరెవరు బతుకుతున్నారో ఒక్కసారి లెక్క చెప్పమని అడగండి. ఆ లెక్క చేతికి వచ్చిన తరువాతనే ఊరు తీర్మానం రాయాలి.